వంట కాదు, వంత

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో, సాగర్ రోడ్డు మలుపు దగ్గర మొన్న ఒక ఫ్లెక్సీ కట్టారు. పైన పేరు, మధ్యలో ఫోటో. కింద, బస్సులో పోయేవాళ్లకు కూడా కనబడేంత బండ అక్షరాల్లో "ప్రముఖ జానపద వంట కళాకారునికి కన్నీటి నివాళి" అని ఉంది.

వంట! ఆ ముక్క చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్లు నా వెనక నిలబడి వంత పాడిన మనిషిని, పోయిన నాలుగో రోజుకే గరిటె తిప్పేవాణ్ణి చేసి చౌరస్తాలో వేలాడదీశారు. ఫ్లెక్సీ చెప్పింది నేనే. ఏం రాయాలో ఫోన్లో మెసేజ్ కొట్టి పంపిందీ నేనే. వంత అని స్పష్టంగా పంపాను. ఫోటో కూడా నేనిచ్చిందే. ఆయన ఒక్కడే ఉన్న ఫోటో ఎంత వెతికినా దొరకలేదు, అన్నిట్లోనూ ముందు నేనే ఉన్నాను. అందుకని నన్ను కోసేసి ఆయన్ని మిగిల్చారు. ఎడమ పక్కన నా చెవి ఒకటి మాత్రం ఉండిపోయింది.

ఆయన పేరు నేనిక్కడ రాయను. అచ్చులో ఆయనకు జరిగిన మర్యాద ఇప్పటికే చాలు.

వంత అంటే తెలియనివాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒకడు పాట ఎత్తుకుంటాడు. లైను చివరికి వచ్చేసరికి వాడికి ఊపిరి అయిపోతుంది. సరిగ్గా అక్కడ ఇంకొకడు ఆ చివరి మాట అందుకుని సాగదీస్తాడు. ఆ సందులో మొదటివాడు ఊపిరి తీసుకుని తరువాతి లైనుకి పోతాడు. వినేవాడికి పాట ఎక్కడా తెగదు. పని ఇంతే. ఈ పనికి మన భాషలో దొరికిన గౌరవం చూడండి, తల ఊపే చెంచాగాణ్ణి తిట్టాలంటే "వాడు వీడికి వంత పాడుతున్నాడు" అంటారు. అనేవాణ్ణి ఒకసారి నిలబెట్టి పాడమనాలి. ఒక్క లైను అందుకుని చూపించమనాలి.

ఆయనది పెద్దచెరువులో చేపలు పట్టే ఇల్లు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. చెరువుకు నీళ్లు రావడం మానేశాక మన్నెగూడ జంక్షన్ దగ్గర ఎక్కడివో చేపలు తెచ్చి అమ్మేవాడు. చుట్టూ ప్లాట్ల రాళ్లు లేస్తున్న కాలం అది. కార్లు ఆపి "చెరువు చేపేనా?" అని అడిగితే, "చెరువే లేదు, చెరువు చేప ఏడికెల్లి వస్తది? కొంటే కొను" అనేవాడు. అబద్ధం చెప్పడం రాదు. ఆ చేతకానితనమే నాకు అన్నిట్లోకీ పెద్ద ఇబ్బంది అయ్యింది, ఆ సంగతి తరవాత చెబుతాను.

ఆయన మాట ఒకటుంది. స్టేజి ఎక్కేముందు నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు పో తమ్మీ, నేనందుకుంట" అనేవాడు. అది పాట గురించే అనుకునేవాణ్ణి. బస్సు దగ్గరా అదే మాట. నేను ముందెక్కి సీటు పడితే, ఆయన డోలు, సంచీ, చెప్పులు అన్నీ సర్దుకుని చివర ఎక్కేవాడు. భోజనాల దగ్గరా అదే. నన్ను పంక్తిలో కూర్చోబెట్టి, "నువ్వు తినుకుంట ఉండు, నేనందుకుంట" అని చేతులు కడుక్కోవడానికి పోయి, ఎవరితోనో ముచ్చట పెట్టి, నేను పెరుగన్నంలోకి వచ్చేసరికి పప్పుతో మొదలుపెట్టేవాడు. చివరికి ఇద్దరం ఒక్కసారే లేచేవాళ్లం. ఎలా అందుకునేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

హయత్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలుకి పోయినప్పుడు, గేటు దగ్గర కాగితం పట్టుకుని ఒకడు నిలబడ్డాడు. బయట బ్యాండు మోగుతోంది. నేను లోపలికి పోయి మైకులు చూసుకుంటున్నాను. వెనక వచ్చిన ఆయన్ని వాడు నువ్వెవరని అడిగాడట. ఈయన "వంత" అన్నాడట. ఆ బ్యాండు మోతలో వాడు వంట అనుకుని, వెనక గేటు చూపించాడు. అరగంట వెతికాను. చివరికి వంటశాలలో పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ కనబడ్డాడు. కళ్ల నిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు. నాకు ఒళ్లు మండి గేటువాడి మీదికి పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. వాళ్లకు మనుషులు తక్కువున్నరు తమ్మీ, ఇంకో నాలుగే ఉన్నయ్, కోసి వస్తా, నువ్వు పో, అన్నాడు. నేను ఆగలేదు. గేటు దగ్గరికి పోయి నలుగురిలో వాణ్ణి కడిగేశాను. త కీ ట కీ తేడా తెలియనివాడివి గేటు దగ్గరెందుకని అడిగాను. ఆ రోజు ఆ మాట అన్నవాణ్ణి నేనేనని గుర్తుపెట్టుకోండి.

ఇక వెంచర్ల కాలం వచ్చింది. ఎక్కడ పడితే అక్కడ లేఅవుట్లు, ప్రతి లేఅవుట్‌కీ ఒక ప్రారంభోత్సవం, ప్రతి ప్రారంభోత్సవానికీ ఒక జానపదం. పొలాన్ని గీతలు గీసి అమ్మేరోజున పొలం పాట కావాలి వాళ్లకు. ఆ కార్యక్రమాలు చూసే మేనేజరొకడు నన్ను పిలిచి, ఇక నుంచి మీరొక్కరే పాడండి, సోలో అని వేస్తాం, అన్నాడు. ముందు ఒక మనిషి ఉంటే ఫోటో బాగా వస్తుందట. వెనక లుంగీ కట్టుకుని ఇంకో ఆయన ఉంటే జాతరలా ఉంటుందట. పాట మధ్యలో తెగుతుంది కదా అన్నాను. దానికి మిషన్లు వచ్చాయి, మీ గొంతునే నాలుగు గొంతులు చేసి పక్కన పాడిస్తాయి, కొనుక్కోండి అన్నాడు.

నాకు కోపం రావాలి కదా? రాలేదు. సోలో అనే మాట చెవికి ఇంపుగా ఉంది. సరే సార్, మంచిదే సార్ అన్నాను. వంత పాడటం అంటే తిట్టు అనుకునేవాళ్లు ఆ రోజు నన్ను చూసి తిట్టుకుంటే తప్పు లేదు.

అంతకంటే సిగ్గుమాలిన పని ఆ తరవాత చేశాను. ఆ మిషన్ ఎంచడానికి ఆయన్నే వెంటబెట్టుకుని పోయాను. ఎందుకంటే నాకు చెవి లేదు. నాకు గొంతు ఉంది, చెవి ఆయనది. శ్రుతి వెంట్రుకవాసి జారినా వెనక నుంచి వేలితో నా వీపు మీద పొడిచేవాడు. అటువంటి మనిషికి దేనికి పోతున్నామో బస్సెక్కాక చెప్పాను. "డబ్బాకు కరెంటు గావాలెనా?" అని మాత్రం అడిగాడు.

హైదరాబాద్‌లో ఆ దుకాణం అద్దాల గది, లోపల ఏసీ. ఆయన చెప్పులు బయట విడిచి వచ్చాడు. దుకాణం ఆయన హార్మనీ ప్రాసెసర్లని మూడు డబ్బాలు కింద పెట్టాడు. మైకు తీగ అందులోకి పోతుంది, అక్కణ్ణించి స్పీకరుకు పోతుంది, కాలితో నొక్కితే తోడు గొంతులు మొదలవుతాయి. మొదటిదానికి మన శ్రుతి ఏదో ముందే చెప్పిపెట్టాలి. రెండోది గిటారో కీబోర్డో తగిలిస్తే దాన్నిబట్టి పోతుంది. నాది హార్మోనియం, దానికి తీగ పెట్టే చోటే లేదు. కనుక అది పక్కకు పోయింది. మూడోది ఏమీ చెప్పకుండానే మన గొంతు విని అదే కనిపెడుతుందట. ఆ మూడోది పెట్టి నన్ను పాడమన్నారు.

మేమిద్దరం కట్టుకున్న పాట ఒకటుంది, అదే ఎత్తుకున్నాను. "కట్ట మీద పోయే అన్నా, మెల్లగ పోరాదు. ఎనక వచ్చెటోళ్లున్నరు, మెల్లగ పోరాదు." కాలితో నొక్కగానే నలుగురు నేనులు లేచి పాడారు. నాకు ఒళ్లు పులకరించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నేను స్వరం మీద నుంచి స్వరానికి జారిన చోట అది మెట్లు దిగుతున్నదని, జారడం లేదని చెప్పాడు. నిజమే. చెప్పాక నాకూ వినబడింది. తరవాత దుకాణం ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు.

"ఈయన ఊపిరి దీసుకునేటప్పుడు గిది ఏం జేస్తది?"

దుకాణం ఆయనకు అర్థం కాలేదు. అయితే అన్నే నన్ను లైను చివర ఆగమన్నాడు. నేను ఆగాను. డబ్బా కూడా ఆగింది. నలుగురూ ఒక్కసారే నోరు మూసుకున్నారు. మళ్లీ పాడించాడు, మళ్లీ ఆగమన్నాడు. మొదటి డబ్బానూ అలాగే చూశాడు. నేను పాడినంతసేపూ పాడతాయి, నేను ఆగిన క్షణం ఆగుతాయి.

"నువ్వున్నప్పుడు ఉంటది, నువ్వు లేనప్పుడు ఉండదు. మరి వంత ఎట్లయితది తమ్మీ?" అన్నాడు. కోపంగా కాదు, చేప మొప్ప ఎత్తి చూసి చెప్పినట్టు.

దుకాణం ఆయన నవ్వి, దానికీ ఒకటుంది అని ఇంకో డబ్బా తెచ్చాడు. ఒకసారి పాడి నొక్కితే దాచుకుని, ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు పాడుతుందట. మీరే పాడండి పెద్దాయనా అని మైకు ఆయనకిచ్చాడు. అంతవరకూ ఆయన నోటికి అంత దగ్గరగా మైకు ఎవరూ పెట్టలేదు. ఎప్పుడూ నా మైకులోకే వెనక నుంచి పాడేవాడు. "మెల్లగ పోరాదు" అన్నాడు. డబ్బా అదే మాట మూడుసార్లు అన్నది. ఆ మూడుసార్లూ విని, నేనెన్నడూ రెండుసార్లు ఒక్కతీరుగ పాడలేదు, ఇది వద్దు అన్నాడు. దుకాణం ఆయన కాలితో ఒక్క నొక్కు నొక్కి చెరిపేశాడు. ఆయన గొంతు ఒక్కటే రికార్డయిన సందర్భం నా ఎరుకలో అదే. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ నొక్కిన కాలును తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు పటపటలాడతాయి, కానీ ఆ రోజు నా ధ్యాసంతా మూడో డబ్బా రంగు మీద ఉంది.

చివరికి ఆయనే ఎంచాడు. మూడోది మోజుకు బాగుంటుంది గానీ జారిన చోటల్లా తడబడుతుంది, మొదటిది తీసుకో అన్నాడు. నాలుగు గొంతులు వద్దు, ఒక్కటే చాలు, అది కూడా కింది స్థాయిలో పెట్టుకో అన్నాడు. "నీ గొంతు కిందికి దిగితే సన్నబడతది. గక్కడ ఇది పట్టుకుంటది. నేను గూడ గక్కడ్నే పట్టుకుంటుంటి" అన్నాడు. ఇరవై ఏళ్లుగా నా గొంతు ఎక్కడ సన్నబడుతుందో ఆయనకు తెలుసు, నాకు ఆ రోజే తెలిసింది. కావాలంటే పనికిరానిదాన్ని అంటగట్టి, నాలుగు రోజుల్లో నేను మళ్లీ తన దగ్గరికే వచ్చేలా చెయ్యగలిగేవాడు. ఇంకెవరైనా అదే చేసేవాళ్లు. ఈయన తనను ఇంటికి పంపే డబ్బాను మూడింట్లో మంచిదేదో చూసి మరీ ఎంచి, తిరుగు బస్సులో ఇబ్రహీంపట్నం దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఇదే నేను చెప్పిన ఇబ్బంది.

మన్నెగూడ దగ్గర వెంచరులో నా మొదటి సోలో. కుర్తా, పైన కోటు, కాళ్ల దగ్గర డబ్బా. ఊపిరి తీసుకునే చోట ఖాళీ రాకుండా కీబోర్డు ట్రాకు ఒకటి పెట్టుకున్నాను. కట్ట మీద పాట బాగానే పోతోంది. చేపల గంప ఎవరికో అప్పగించి వచ్చాడేమో, ఐదో వరసలో కుర్చీలో ఆయన కనబడ్డాడు. నేను లైను చివరికి వచ్చి ఆగాను. డబ్బా ఆగింది. ట్రాకు ఎక్కడో తప్పి, అక్కడ నిజంగానే ఖాళీ పడింది. ఆ ఖాళీలో ఐదో వరసలోంచి, మైకు లేకుండా, "మెల్లగ పోరాదు" అని వచ్చింది.

జనం తిరిగి చూశారు. ఆయన కావాలని పాడలేదు, అది నాకు తెలుసు. దగ్గు వచ్చినట్టు వచ్చేసింది. మేనేజరు దిగి పోయి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, కిందికి వంగి ఏదో చెప్పాడు. ఆయన తల ఊపి, కండువా తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పాట అయ్యేంతవరకూ తియ్యలేదు. నేను స్టేజి మీద నుంచి అంతా చూశాను. ఒక్క మాట, మైకులో ఒక్క మాట, "మా అన్న, పైకి పిలవండి" అంటే అయిపోయేది. నేను తరువాతి లైను ఎత్తుకున్నాను. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల్సిన రోజు అది. చప్పట్లు కొట్టించుకుని వచ్చాను.

తరవాత కలిసినప్పుడల్లా డబ్బా మంచిగున్నదా అని అడిగేవాడు, చుట్టం బాగోగులు అడిగినట్టు. మొన్న జబ్బుపడి దవాఖానలో ఉన్నప్పుడూ అదే అడిగాడు. నాకు ఆ రోజు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ప్రోగ్రాం ఉంది. గడియారం చూసుకోవడం ఆయన కంట పడింది. "ఆలస్యమైతున్నట్టుంది, నువ్వు పో తమ్మీ, నేనందుకుంట" అన్నాడు. నేను వచ్చేశాను. ఆయన మూడోనాడు పోయాడు.

అందుకే ఆ ఫ్లెక్సీ చూసి నేను అంతగా మండిపోయింది. నేరుగా ఫ్లెక్సీ దుకాణానికి పోయి, వాణ్ణి బయటికి పిలిచి, నోటికొచ్చినట్టు అన్నాను. త కీ ట కీ తేడా తెలియదా అన్నాను. జన్మంతా పాడినవాణ్ణి వంటవాణ్ణి చేస్తావా అన్నాను. దుకాణంవాడు నా ఈడువాడే. అంతా అననిచ్చి, ఫోను తీసి, నా మెసేజ్ తెరిచి నా చేతిలో పెట్టాడు.

నా ఫోన్లో తెలుగు అక్షరాలు లేవు. అందరిలాగే నేనూ తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాను. ఇంగ్లీషులో త కీ ట కీ ఒకటే అక్షరం. నేను పంపింది ఎట్లా చదివినా చదవొచ్చు. చదివాను. నాకు వంత అనే కనబడింది. మళ్లీ చదివాను. ఈసారి వంట అని కనబడింది.

"జానపద వంట అంటే జొన్నరొట్టెలు, సర్వపిండి చేసెటోడేమో అనుకున్న. నాకాయన ఎర్కనా అన్నా? నువ్వు ఎన్నడన్న చూపిస్తివా?" అన్నాడు.

ఇన్నేళ్లు ఇదే ఊళ్లో పాడాము. చౌరస్తాకు రెండు వందల అడుగుల దూరంలో దుకాణం పెట్టుకున్నవాడికి ఆయన ఎవరో తెలియదు, నేను తెలుసు. వెంటనే కొత్తది వేస్తానన్నాడు. ముందు ఇంట్లో చెప్పి క్షమాపణ అడుగుతానని అన్న భార్య దగ్గరికి పోయాను. వదిన అంతా విని, మార్చొద్దు ఉండనీ అంది. "గంత పెద్ద అక్షరాలల్ల ఆయన పేరు ఎన్నడు పడ్డది? పేరు సక్కగనే ఉన్నది గద" అంది. దుకాణంవాడికి ఫోన్ చేసి కొత్తది వద్దన్నాను.

నిన్న పదకొండో రోజు. ఇంటి ముందు షామియానా, సాయంత్రం భజన. నన్ను పాడమంటారని తెలిసి డబ్బా తీసుకుపోయాను. తీగలు తగిలిస్తుంటే వదిన వచ్చి, అది బంద్ చెయ్యమంది. ఆయన పాట తాను ఎత్తుకుంటానని, నన్ను వెనక పాడమని చెప్పింది. ఇన్నేళ్లలో నన్ను వెనక పాడమన్నవాళ్లు లేరు. వెనక పాడటంలో ఏముందిలే అనుకుంటూ ఆమె వెనక నిలబడ్డాను.

"కట్ట మీద పోయే అన్నా, మెల్లగ పోరాదు" అని ఎత్తుకుంది వదిన. నేను ఆ మాట పూర్తయ్యేదాకా ఆగాను. అదే తప్పు. నేను నోరు తెరిచేసరికి ఆమె ఊపిరి తీసుకుని రెండో లైనులోకి పోయింది. ఇద్దరి గొంతులూ గుద్దుకున్నాయి. రెండోసారి జాగ్రత్తపడి ముందే అందుకున్నాను, ఆమె మాటను తొక్కేశాను. మూడోసారి ఆమె ఆగింది, నేనూ ఆగాను. డబ్బాలాగే ఆగాను.

వదిన వెనక్కి తిరిగి చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"గన్నేండ్లు నీ ఎనకనే ఉన్నడు గద. ఎట్ల అందుకోవాలెనో నీకు చెప్పలేదా?"

"చెప్పిండేమో వదినా. నేనే ఎన్నడు ఎనక్కి తిరిగి సూడలే" అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ ముందుకు తిరిగింది. "నా మాట ఇనకు, నా ఊపిరి ఇను. గది తెగకముందే రావాలె" అని, పాట మొదటి నుంచి ఎత్తుకుంది. నేను కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఆమె ఊపిరి మీదే చెవి పెట్టాను.

నాలుగోసారి కూడా నేను ఆలస్యంగానే అందుకున్నాను.